కంపెనీ పంచిన పళ్ళు

మామిడిపండు వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది. నాకు పడదు. పెళ్ళి భోజనాల్లో పక్కన ఎవరైనా రసం జుర్రుకుంటుంటే విస్తరి ముందునుంచి లేచిపోతాను. దీన్ని పొగరనుకున్న చుట్టాలున్నారు. అనుకోనీండి, నా నోటికి తాళం వేసుకుని కూర్చున్నాను గనుక వాళ్ళకి తెలిసే దారి లేదు.

మా ఊరు తునికి దగ్గర్లో, హైవే పక్కనే. ఊరి చివర మామిడి గుజ్జు తీసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఉండేది. మేం జ్యూసు కంపెనీ అనేవాళ్ళం. తొంభైల చివర్లో, నాకు పెళ్ళయిన కొత్తలో, అందులో సీజన్ పనికి వెళ్ళేదాన్ని. పొడవాటి స్టీలు బల్లలకి అటూ ఇటూ ఆడవాళ్ళం నిలబడి పండుకి తొడిమ కోసి, మచ్చ ఉన్నచోట చెక్కి, బెల్టు మీదకి నెట్టాలి. సొన కారి వేళ్ళ సందులు నల్లబడి పుళ్ళు పడేవి. ఆ చేత్తో పచ్చడన్నం కలుపుకుంటే ప్రాణం జివ్వుమనేది. అయినా ఇష్టంగానే వెళ్ళేదాన్ని, ఎందుకంటే ఆ బెల్టు మీద పోయే పళ్ళలో కొన్ని మా తోటవి.

మా తోట అని నోటికి వచ్చేస్తుంది గానీ తోట మాది కాదు, ఊళ్ళో ఒక ఆసామిది. మా మామగారు కౌలుకి పట్టారు, ఆయన పోయాక మా ఆయన చేస్తున్నాడు. అన్నీ కలెక్టరు రకం మామిడి చెట్లే. కలెక్టరు కాయ కొస చిలక ముక్కులా ఉంటుంది కదా, నూతి పక్క చెట్టు కాయకి మాత్రం ఆ ముక్కు కాస్త పక్కకి తిరిగి ఉండేది. ఆ చెట్టున ఎన్ని కాస్తే అన్నీ అంతే. మా అత్త ఆ కాయని నా మొహం పక్కన పెట్టి చూసి, నువ్వూ ఇదీ ఒక కొమ్మన కాసినవే అని నవ్వేది. నా ముక్కు కొద్దిగా వంకర లెండి. ఆవిడ అన్నందుకు కాదు, నిజమే కాబట్టి ఒళ్ళు మండేది.

మా అత్తది లంకల వైపు పుట్టిల్లు. గోదారి గట్టు దాటి ఇంత దూరం కాపురానికి వచ్చినా పుట్టింటి పద్ధతులు ఒక్కటీ వదల్లేదు. అందులో మొదటిది, ఎవరి ఇంటినుంచైనా గిన్నె వస్తే దాన్ని వట్టిగా తిప్పి పంపకూడదు. కూర పంపినవాళ్ళ గిన్నెలో మనం కూరైనా పెట్టాలి, లేకపోతే రెండు వంకాయలు, అదీ లేకపోతే ఇంత బెల్లం ముక్క. ఇంట్లో ఏమీ లేని రోజున గుప్పెడు బియ్యం వేసి పంపేది. వట్టి గిన్నె పంపితే ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య దారి మూసుకుపోతుందని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు వేసవి మొదట్లోనే ఆసామి మా ఆయన్ని పిలిపించి మాట్లాడాడు. తోట కోసం పట్నంనుంచి ఒక పెద్ద వ్యాపారి అడుగుతున్నాడట. ఆసామి కొడుకులకి అటే మనసుగా ఉందట. ఈ ఏడు పంట బాగా చేసి, అమ్మి చూపిస్తే మళ్ళీ నీకే ఉంచుతానని, లేకపోతే తన మాట ఇంట్లో చెల్లదని చెప్పాడు. మా ఆయన ఆ మాట మాకు చెప్పి భోజనం చెయ్యకుండా తోటకి వెళ్ళిపోయాడు. ఆ తోట తప్ప ఆ మనిషికి ఇంకో పని రాదు. ఏ చెట్టు ఏ కొమ్మన ముందు పూస్తుందో, ఏది ఏడు విడిచి ఏడు కాస్తుందో పశువుల సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. తోట పోతే ఆయనలో ఏం మిగులుతుందా అని నాకు అప్పుడే భయం వేసింది.

అదృష్టమో దురదృష్టమో, కాపు విరగకాసింది. మొదటి రెండు లోడ్లు కంపెనీ తీసుకుంది. రోహిణి కార్తె వచ్చింది, రోళ్ళు పగిలే ఎండలు. మృగశిర దగ్గర పడుతోంది. మా వైపు తోటలవాళ్ళకి మృగశిర అంటే దడ. తొలకరి చినుకు పడిందంటే చెట్టు మీది కాయలోకి పురుగు దూరుతుంది, పురుగు కాయని కంపెనీ గేటు లోపలికి రానివ్వదు. అందుకని మృగశిర లోపు చెట్టు దులిపెయ్యాలన్నది ఇక్కడ అందరికీ ఉగ్గుపాలతో వచ్చిన మాట. కాయలు కొనే సూపర్‌వైజరు కూడా మా ఆయనతో, మొత్తం కోసి పెట్టుకో, వారం మొదట్లో నీ సరుకంతా దించేద్దాం అన్నాడు.

నేను సగమే కొయ్యమన్నాను. సగం చెట్టు మీద ఉంటే ఇంకో దారి చూసుకోవచ్చన్నాను. కంపెనీలో పనిచేస్తున్న దాన్ని, అక్కడి మాట పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుందని నాకు తెలుసు. మా ఆయన ఆకాశం చూపించాడు. ఆ వేళ తూర్పున నిజంగానే మబ్బు పట్టింది. నలుగురు మనుషుల్ని పెట్టి, దోటీలకి చిక్కాలు కట్టి, కొమ్మ కొమ్మా వెతికి కోయించాడు. పాకలో గడ్డి పరిచి గుట్టలు పోశాం. కాయల మధ్య నడవడానికి దారి లేక గోడ పట్టుకుని నడిచేవాళ్ళం. అంత కాయని ఒక్కచోట చూసి మా అత్త దిష్టి తీసింది. ఆ మబ్బు ఆ రోజు కురవనే లేదు.

లోడు వెయ్యాల్సిన రోజు పొద్దున్నే కంపెనీలో బాయిలరు పాడైంది. సామాను ఎక్కడో దూరంనుంచి రావాలట, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బెల్టు ఆగింది. అప్పటికే యార్డునిండా గడ్డి కింద మగ్గేసిన కాయ పండుకొచ్చేసింది. పండు మన మాట వినదు కదా. అడుగు వరసలు నలిగి రసం కారి సిమెంటు నేల జారుడుగా అయింది, ఈగలు ముసిరాయి. కిందటేడు ఇలాగే పళ్ళు కుళ్ళితే పక్క వీధులవాళ్ళు గేటు ముందు కూర్చుని గొడవ చేశారు. అందుకని మేనేజరు కుళ్ళకముందే పంచేద్దామనుకున్నాడు. ఆటోకి మైకు కట్టి ఊరూరా చెప్పించాడు, కంపెనీలో పనిచేసేవాళ్ళకీ చుట్టుపక్కల జనానికీ మామిడిపళ్ళు ఉచితం, ఎవరికి కావలసినన్ని వాళ్ళు పట్టుకెళ్ళొచ్చని. మేనేజరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

జనం విరుచుకుపడ్డారు. బకెట్లు, గోనెసంచులు, పిల్లల ఉయ్యాల చీరలు, ఒకావిడైతే ఇడ్లీపాత్రతో వచ్చింది. బల్లల దగ్గర పనిలేదు గనుక మమ్మల్నే గేటు దగ్గర పంచడానికి నిలబెట్టారు. నిజం చెప్పొద్దూ, మొదట నాకు సరదాగానే ఉంది. వీధిలో నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు కూడా, మంచివి చూసి వెయ్యమ్మా అని బతిమాలుతున్నారు. నేను మా బాబు సొమ్ములా దోసిళ్ళకి దోసిళ్ళు వేస్తున్నాను. మా పాకలో గుట్టలున్న సంగతి ఆ కాసేపూ నా బుర్రకి తట్టనే లేదు.

అప్పుడు మా ఆయన వచ్చాడు. లోడు సంగతి కనుక్కుందామని వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, గుంపుని తప్పించుకుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజరు తల ఊపుతూ విన్నాడు. బాయిలరు బాగవనీ, నీదే ముందు దించుదాం అన్నాడు. అని, భుజం మీద చెయ్యి వేసి లైన్లోకి నడిపించాడు.

"ముందు ఓ నాలుగు పళ్ళు పట్టుకెళ్ళవయ్యా. మొహమాటపడకు, అందరికీ ఇస్తున్నాం."

మా ఆయన లైన్లో నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే జరిగి ఆయన నా ఎదుటికి వచ్చాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి నా ముందు పట్టాడు. అంతవరకూ ఆగకుండా ఆడిన నా చెయ్యి ఆడలేదు. ఇంట్లో కొండంత సరుకు పెట్టుకున్న మనిషికి నేను నా చేత్తో పండు ముష్టి వెయ్యాలా అనిపించింది. ఆయన తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"వెయ్యవే. ఆయన చూత్తన్నాడు."

వేశాను. ఆయన తువ్వాలు మూట కట్టుకుని, సూపర్‌వైజరు వైపు చూసి నవ్వి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. కాయ తీసుకునేవాడికి కోపం రాకూడదని నవ్విన నవ్వు అది.

మర్నాడు ఒక ట్రాలీకి సరుకెత్తి తుని మార్కెట్టుకి పట్టుకెళ్ళాం. అక్కడ పేవ్‌మెంటు మీద బుట్టలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ దగ్గరంతా కంపెనీ పళ్ళే. ఊరికే వచ్చినవి, వాళ్ళు ఎంతకైనా ఇస్తారు. మమ్మల్ని ఎవరూ ధర కూడా అడగలేదు. ఎస్టీడీ బూతునుంచి రాజమండ్రిలో ఒక కమీషన్ వ్యాపారికి ఫోన్ చేస్తే, ఇక్కడా నిండిపోయింది, కిరాయి దండగ, తేవద్దన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, ఊరంతా పళ్ళ పండగ చేసుకుంటోంది, మా పాకలో మాత్రం కాయ రంగు తిరుగుతోంది. రాత్రిళ్ళు మా ఆయన లేచి గుట్టలు తిప్పి, మెత్తబడ్డవి ఏరి అవతల పెట్టేవాడు. ఏరేకొద్దీ మెత్తబడేవి.

ఇక్కడ మా వీధివాళ్ళ మంచితనం గురించి చెప్పాలి. మా ఆయన తువ్వాల్లో నాలుగు పళ్ళే పట్టుకెళ్ళడం అందరూ చూశారు. పాపం, వీళ్ళకి సరిగా అందలేదనుకున్నారో, తోటలో చూస్తూ పెరిగినవాళ్ళకి పండు మీద ఆశ ఉంటుందనుకున్నారో గానీ, పంచిన రోజు సాయంత్రంనుంచే ఒకరి తర్వాత ఒకరు గిన్నెల్లో, పళ్ళేల్లో పళ్ళు పట్టుకొచ్చి మా అరుగు మీద పెట్టడం మొదలుపెట్టారు. వద్దంటే బాధపడతారు. మా దగ్గరున్నాయి అంటే, అవి అమ్ముకునేవి కదమ్మా, ఇవి తినండి అన్నారు. అంత ప్రేమగా అంటే పుచ్చుకున్నాం.

గిన్నె వచ్చాక మా అత్త ఊరుకుంటుందా. వాళ్ళ పళ్ళు తీసి పక్కన పెట్టి, గిన్నె కడిగి, అందులో మా పాకలోని పళ్ళు నింపి నాచేత పంపించేది. ఇంట్లో ఇంకేం లేవు మరి. వాళ్ళు మొహమాటంగా పుచ్చుకుని, మర్నాడు ఇంకో గిన్నె నింపి పంపేవారు. ఆ వీధిలో పళ్ళు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాయి, తినేవాడు లేడు. నేను ఒకరోజు తెగించి, ఇదేం పద్ధతి అత్తయ్యా, నలుగురూ నవ్వుతారు అన్నాను. ఆవిడ నావైపు చూడకుండా గిన్నె తుడుస్తూ, "పోయేది పోద్ది, దారి మూసుకోకూడదే" అంది.

ఆవిడే తాండ్ర సంగతి ఎత్తింది. ఆవిడ పుట్టింటివైపు తాండ్ర పొయ్యని ఇల్లుండదు. పండు పిసికి, పీచు వడకట్టి, బెల్లం కలిపి, తాటాకు చాప మీద పలచగా పొయ్యాలి. అది ఎండాక దాని మీద ఇంకో పూత. పూత మీద పూత ఎండుతూ రావాలి, తొందరపడితే లోపల పులుస్తుంది. ముగ్గురం మోచేతులదాకా గుజ్జులో ముంచి పిసికాం. దాబా మీద, పాక ముందు, ఆఖరికి తోట చావిడి ముందు కూడా చాపలు పరిచాం. మొదటి పూత ఎండింది. రెండో పూతా ఎండింది. పసుపు పచ్చగా మెరుస్తున్న ఆ చాపల్ని చూస్తే మా ఆయన మొహంలో చాలా రోజులకి కళ వచ్చింది. తాండ్ర ఏడాది నిలవుంటుంది, నెమ్మదిగా అమ్ముకోవచ్చు, ఆసామికి మొహం చూపించవచ్చు. ఆ పూట ఆయన అన్నం మారు అడిగి తిన్నాడు.

మూడో పూత పోసిన మధ్యాహ్నం వాన వచ్చింది. కాయ కోయించేప్పుడు మోసం చేసిన మబ్బు అప్పుడు వచ్చింది. ముగ్గురం మూడు వైపులకి పరిగెత్తాం. చాప ఎత్తితే పచ్చి పూత జారి కిందపడుతోంది, ఎత్తకపోతే కరిగిపోతోంది. మా అత్త ఒక చాప మీద తన పమిట కప్పి దాని పక్కనే తడుస్తూ కూర్చుంది. ఆవిడ పెద్దదని కూడా చూడకుండా కోప్పడి లేవదీశాను. వాన తగ్గాక చూస్తే దాబా తూముల్లోంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి, కింద చీమలు బారు కట్టాయి. మిగిలిన చాపలు రెండు రోజుల్లో బూజు పట్టాయి.

ఆ మర్నాడు కంపెనీ బాయిలరు బాగైంది. సైరన్ మోగగానే మా ఆయన మిగిలిన సరుకు ట్రాక్టరుకెత్తి గేటు దగ్గర పెట్టాడు. నేను బల్ల దగ్గర తొడిమలు కోస్తున్నాను గానీ చెవులు గేటు మీదే ఉన్నాయి. సూపర్‌వైజరు పై వరస తీసి చూశాడట, అడుగునుంచి రెండు లాగి చూశాడట. మాకు కాయ కావాలి గానీ మెత్తబడ్డ పండు ఏం చేసుకుంటామయ్యా, నువ్వే చెప్పు అన్నాడట. కోపంగా కాదు, బాధగానే అన్నాడట. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, చెడింది వాళ్ళ బాయిలరు, కుళ్ళింది మా బతుకు.

మా ఆయన ట్రాక్టరు ఇంటికి తీసుకురాలేదు. హైవే మీదకి పట్టుకెళ్ళి, మర్రి నీడ లేదు, మరో నీడ లేదు, ఎండలో ఆపి, వచ్చేపోయేవాళ్ళకి ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాడు. నాకు కబురు తెలిసి పని మధ్యలో పరిగెత్తాను. అప్పటికి ఎవరూ ఒక్క పండు కూడా తీసుకోలేదు. మా ఊరివాళ్ళు, మాకున్నాయి బాబూ అంటూ సైకిళ్ళు ఆపకుండా పోతున్నారు. కడియంనుంచి మొక్కలు వేసుకెళ్తున్న ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి ఒక పండు తీసి వాసన చూశాడు.

"ఊరికే ఎందుకిత్తన్నావు? ఏం కలిపేరేంటి వీటికి?"

ఏమీ కలపలేదండి, మా తోటవేనండి అన్నాడు మా ఆయన. డ్రైవరు నమ్మలేదు. పండు జాగ్రత్తగా ట్రాలీలో పెట్టేసి, చేతులు తుడుచుకుని లారీ ఎక్కాడు. కంపెనీ ఊరికే ఇస్తే జనం బకెట్లు పట్టుకుని పరిగెత్తారు. మా ఆయన ఊరికే ఇస్తే విషమేమోనని చూశారు. ఆ రోజు నాకు మనుషులందరి మీదా అసహ్యం పుట్టింది, అందులో మంచివాళ్ళు కూడా ఉన్నారని తెలిసీ పుట్టింది. పొద్దుగూకే వేళకి ఆ సరుకంతా తోటలోకే తీసుకెళ్ళి, గొయ్యి తవ్వి, కాసిన చెట్ల మొదళ్ళలోనే పూడ్చాం.

ఆసామి మాట తప్పలేదు. చెప్పినట్టే చేశాడు. మా ఆయన వెళ్ళి తోట తాళం చెవి ఆసామి అరుగు మీద పెట్టి వచ్చాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన ఆ తోట దారిన నడవలేదు. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన పండొకటి వదిలేసి వస్తారు. మేం ఇల్లు కదలకుండానే మామిడిపండు వదిలేశాం.

మరుసటేడు సీజన్‌కి ఆయన కంపెనీ యార్డులో లోడ్లు దింపే పనికి చేరాడు. పట్నం వ్యాపారి ట్రాక్టర్లు వచ్చినప్పుడు కూడా అందరితో కలిసి దించేవాడట. ఆ సంగతి నాకు వేరేవాళ్ళు చెప్పారు. కిందటేడు పళ్ళు పంచినందుకు కంపెనీకి ఊళ్ళో మంచి పేరు వచ్చింది కదా, దాన్ని ఆనవాయితీ చేశారు. సీజన్ ఆఖరి రోజున పనివాళ్ళకి తలా ఒక ప్లాస్టిక్ క్రేటు నిండా పళ్ళు ఇచ్చారు. పళ్ళు మీవి, క్రేటు రేపు తిరిగి ఇచ్చెయ్యాలి అన్నారు. మా ఇద్దరికీ కలిపి ఒకటే చాలని ఆయన చెప్పేశాడు. అదైనా పుచ్చుకోకపోతే మళ్ళీ ఏడు పని ఇవ్వరేమోనని తెచ్చాడు.

మా అత్త క్రేటు ముందు కూర్చుని ఒక్కొక్క పండూ తీసి పళ్ళెంలో పెడుతోంది. ఒక పండు దగ్గర ఆగింది. దాన్ని దీపం దగ్గరికి పట్టుకుని చూసింది. ముక్కు పక్కకి తిరిగి ఉంది. అలవాటుగా నా మొహం వైపు చూసింది గానీ ఈసారి నవ్వలేదు. మా ఆయన చూసి లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ పండుని మిగతావాటితో కలపకుండా దేవుడి గూట్లో పెట్టింది.

పొద్దున నేను క్రేటు కడిగి నెత్తిన పెట్టుకోబోతుంటే మా అత్త ఆపింది. వట్టిగా ఎలా పంపుతావే అంది. అది గిన్నె కాదు అత్తయ్యా, వాళ్ళు మన ఇరుగుపొరుగు కాదు, వాళ్ళకి అవన్నీ తెలియవు అన్నాను. వాకిట్లోంచి మా ఆయన అన్నాడు.

"అందులో ఎయ్యాల్సింది పోయినేడే ఏసేశాం అమ్మా."

ఆవిడ విన్నదో లేదో తెలియదు. లోపలికి వెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చి క్రేటులో వేసింది. కన్నాల్లోంచి కారిపోకుండా అడుగున ముందే ఒక బాదం ఆకు పరిచింది. నేను అలాగే తీసుకెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ క్రేటు అందుకుని, లోపల ఏదో చెత్త ఉందని బోర్లించి, నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, దొంతర మీద పెట్టాడు.